నేల తొమ్మిదిలో, మనిషి పదిలో

ఆ మధ్య మా స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక సీనియర్ సోషల్ మాస్టారు ఒక ప్రతిపాదన చేశారు. భూగోళంలో పీడన మేఖలలు, పవనాలు, రుతుపవనాలు, శిలలు, నదీ క్రమక్షయం వంటి పాఠాలను సైన్సు ఉపాధ్యాయులకు అప్పగించాలని, జనాభా, వ్యవసాయం, పరిశ్రమలు, వలసలు మాత్రం సోషల్ వారి దగ్గర ఉంచాలని ఆయన అన్నారు. హాజరైన వారిలో ఎక్కువమంది నవ్వుతూనే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో కొంత బరువు దిగిపోతుందన్న ఆశ ఉన్నమాట నిజమే గాని, ప్రతిపాదనలో తర్కం కూడా ఉంది కనుక దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. అయినా నేను దాన్ని ఒప్పుకోలేకపోతున్నాను. హైస్కూల్లో భూగోళం ఒక పాఠ్యాంశంగా నిలబడడానికి కారణమే నేలనూ మనిషినీ ఒకే చోట పెట్టి చూడగలగడం. ఆ పని వదిలేస్తే మొదటి సగం ఫిజిక్సులో కలిసిపోతుంది, రెండో సగం ఎకనామిక్సులో కలిసిపోతుంది. భూగోళం పేరిట మిగిలేది అట్లాసు ఒక్కటే.

ఇదేమీ కొత్త వాదన కాదు. ప్రకృతి శాస్త్రాలకూ సామాజిక శాస్త్రాలకూ మధ్య ఏర్పడిన అగాధాన్ని పూడ్చగలిగేది భూగోళమేనని బ్రిటిష్ భూగోళవేత్త హాల్‌ఫర్డ్ మాకిండర్ 1887లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ముందు వాదించాడు. ఆయన దృష్టి బ్రిటిష్ సామ్రాజ్య అవసరాల మీద ఉందన్నది వేరే చర్చ. ఆ వాదనను మన తరగతి గదుల్లోకి తెచ్చేసరికి ఏమవుతోందన్నదే నాకు ముఖ్యం.

నిజానికి ఆ మాస్టారు అడిగిన విభజన సగం జరిగిపోయే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే నడుస్తున్నాయి. తొమ్మిదో తరగతిలో భౌతిక స్వరూపాలు, నదులు, శీతోష్ణస్థితి, సహజ ఉద్భిజ్జాలు వస్తాయి, చివర్లో జనాభా ఒక్కటి తగిలిస్తారు. పదో తరగతిలో వనరులు, నీరు, వ్యవసాయం, ఖనిజాలు, పరిశ్రమలు, రవాణా వస్తాయి. అంటే నది తొమ్మిదిలో పారుతుంది, ఆ నది మీద ఆనకట్ట పదిలో కడతారు. మధ్యలో ఒక వేసవి సెలవు. పదిలో నీటి వనరుల పాఠం మొదలుపెట్టి, ఈ నీళ్ళు వచ్చేది ఏ నది నుంచి, ఆ నది అటే ఎందుకు పారుతోంది అని అడిగితే, "అది నైన్త్ సిలబస్ సార్" అని ఒక అమ్మాయి చాలా మర్యాదగా గుర్తు చేసింది. ఆ అమ్మాయి మాటలో తప్పేమీ లేదు, మేము నేర్పినట్టే చెప్పింది.

పుస్తకాన్ని మారిస్తే చాలనుకోవడానికీ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2014లో వచ్చిన పదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకం ఈ గోడను పడగొట్టాలనే చూసింది. నదుల పాఠంలోనే తుంగభద్ర పరీవాహకంలో నీటిని ఎవరు ఎలా వాడుకుంటున్నారన్న చర్చ, మహారాష్ట్రలోని హివారే బజార్ అనే గ్రామం తన నీటిని కాపాడుకున్న తీరు ఉండేవి. నివాస ప్రాంతాలు, వలసలు అదే వరుసలో వచ్చేవి. నా దృష్టిలో అది మంచి పుస్తకం. కానీ ప్రశ్నకు జవాబు ఏ పేరాలో ఉందో వేలు పెట్టి చూపించలేని పుస్తకం కావడంతో మాలో చాలామంది దాన్ని ఇష్టపడలేదు, పిల్లలు గైడ్లు కొన్నారు. గైడ్లలో తుంగభద్ర మళ్ళీ ఉపనదుల జాబితాగా మారిపోయింది.

గోడ మీది నీటి గీత

నేను పనిచేసే చోటికి బుడమేరు వాగు దూరం కాదు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో వరద విజయవాడను ఎలా ముంచిందో చదువరులకు తెలుసు కాబట్టి ఆ కథ మళ్ళీ చెప్పను. బడి తెరిచాక తొమ్మిదో తరగతిలో నదుల పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు, గంగా మైదానం జోలికి పోకుండా మా వీధుల నుంచే మొదలుపెట్టాను.

వరద తీసిన ఇళ్ళ గోడల మీద నీళ్ళు నిలిచిన మేర ఒక మట్టి గీత ఉండిపోతుంది. రోజుల తరబడి కదలకుండా నిలిచిన నీటి మట్టం దగ్గర దగ్గర ఇళ్ళలో ఒకటే ఉంటుంది కదా. అయినా రోడ్డు మీది నుంచి టేపు పెట్టి కొలిస్తే ఒక ఇంటి దగ్గర ఆ గీత పిల్లవాడి మోకాలి ఎత్తున, నాలుగిళ్ళు దాటాక ఛాతీ ఎత్తున, వీధి చివర తలకు మించి కనిపించింది. నీళ్ళు పైకీ కిందికీ లేవు, నేలే పల్లానికి దిగుతోంది. పుట్టినప్పటి నుంచి చదునుగా ఉందనుకున్న వీధి వాగు వైపు వాలి ఉందని పిల్లలు తమ టేపుతో తామే తేల్చుకున్నారు. ఆ అంకెలను వీధి పటం మీద వేసి, ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీతలు గీస్తే అవే కాంటూరు రేఖలు. నిర్వచనం చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇంతవరకూ ఇది భౌతిక భూగోళమే, సైన్సు ఉపాధ్యాయుడు కూడా హాయిగా చేయించగలడు. కొలుస్తూ కొలుస్తూ ఉండగా ఒక కుర్రవాడు, "సార్, గీత రోడ్డు మీది నుంచి కొలవాలా, గడప మీది నుంచి కొలవాలా?" అని అడిగాడు. అక్కడి నుంచి పాఠం మారిపోయింది. గడప నుంచి కొలిస్తే అంకెలు నేల వాలును పాటించడం మానేశాయి. వీధిలో పల్లం చోట ఉన్న ఒక ఇంట్లోకి తక్కువ నీళ్ళు వచ్చాయి, ఎందుకంటే ఆ ఇంటివారు లారీల కొద్దీ మట్టి తోలించి మెరక చేసుకుని కట్టుకున్నారు. వాళ్ళు మెరక చేసుకోవడంతో పక్క రేకుల ఇల్లు మునుపటికన్నా పల్లమైంది. రెండంతస్తుల ఇళ్ళలో యజమానులు పైన, అద్దెకున్నవాళ్ళు కింద. మునిగింది కింది వాటాలే. ఒకే గోడ మీద నేల వాలు, స్థలం ధర, అద్దె అన్నీ కనిపిస్తుంటే, ఇందులో ఏ భాగాన్ని ఏ మాస్టారికి పంచి ఇవ్వాలి?

వీధి నుంచి కొంచెం దూరం జరిగినా సంగతి ఇలాగే ఉంటుంది. మైలవరం వైపు కొండల్లో కురిసిన వాన బుడమేరుగా కిందికి దిగి కొల్లేటికి పోవాలి, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. నగరం మునగకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, ఆ నీటిని డైవర్షన్ కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. కృష్ణ మామూలుగా ఉన్నప్పుడు అది చక్కని ఏర్పాటు. ఆ రోజుల్లో బ్యారేజీ దగ్గరే 11 లక్షల క్యూసెక్కులకు పైగా, అంతకు ముందెన్నడూ లేనంత వరద వచ్చింది. నిండుగా ఉన్న నది పిల్ల కాలువ నీటిని తీసుకోదు. డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి, నీరు తన పాత దారి వెతుక్కుంది. ఆ పాత దారిలో ఇప్పుడు కాలనీలు ఉన్నాయి. వాన ఎందుకంత పడిందన్నది ఒక ప్రశ్న. కాలువ ఎందుకు చాలలేదన్నది ఇంకొకటి, అక్కడ ఇళ్ళు ఎందుకు వచ్చాయన్నది మరొకటి. మొదటి ప్రశ్నకు పుస్తకం సమాధానం చెబుతుంది, రెండోదాన్ని తడుముతుంది, మూడోదాని దాకా రాదు. జాతీయ స్థాయి పుస్తకంలో బుడమేరు ఉండాలని నేననను, ఉండలేదు కూడా. కానీ రాజస్థాన్ ఇళ్ళలో వాన నీటిని దాచుకునే టాంకాల గురించి రెండు మార్కుల జవాబు గడగడా చెప్పగల పిల్లలకు వెలగలేరు రెగ్యులేటరు ఎటుందో తెలియకపోవడం నన్ను బాధిస్తుంది.

కొల్లేటి అంచు గ్రామాల్లో ఉద్యోగం చేసిన నా మిత్రుడు ఒకరు, అక్కడ కాంటూరు అంటే ఏమిటో పిల్లలకు చెప్పవలసిన పని ఉండదని నవ్వుతూ అనేవారు. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో ఆ గీత లోపలి చేపల చెరువులను కొట్టేశారు, దాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. సముద్ర మట్టానికి ఇన్ని అడుగుల ఎత్తు అని చెప్పే గీత, ఎవరి చెరువు ఉండాలో ఎవరిది పోవాలో తేల్చే గీత అయింది. ఆ ఊళ్ళ పిల్లలకు ఆ గీతను ఫిజిక్సుగా ఒకరు, రాజకీయంగా ఇంకొకరు వేర్వేరు పీరియడ్లలో చెబితే నవ్విపోతారు.

"వానలు లేవు కాబట్టి పేదవాళ్ళు"

ఇక్కడ నా వాదనకే అడ్డు తగిలే సంగతి ఒకటుంది. నేలనూ మనిషినీ కలిపి చెప్పడంలో ఒక ప్రమాదం ఉంది, అది చిన్నది కాదు. కలిపి చెప్పిన మరునాడే పిల్లలు ఈ రకంగా రాస్తారు: "అనంతపురంలో వర్షాలు తక్కువ కాబట్టి అక్కడి ప్రజలు పేదవారు." మొదటి సగం నిజం. పడమటి కనుమల వర్షచ్ఛాయలో, అంటే వాన మేఘాలను కొండలు ఆపేసే చాటున ఉండడం వల్ల నైరుతి రుతుపవనాలు సరిగా అందవు, కోస్తాకు దూరం కావడం వల్ల ఈశాన్య రుతుపవనాలూ సరిగా అందవు. రెండో సగాన్ని "కాబట్టి" అనే ఒక్క మాట మోస్తోంది, అది మోయలేని బరువు.

పరిసరాలే మనిషి తలరాతను రాస్తాయన్న ఈ ఆలోచనకు భూగోళ చరిత్రలో చాలా చెడ్డ పేరుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికన్ భూగోళవేత్త ఎల్స్‌వర్త్ హంటింగ్టన్ వంటివారు శీతోష్ణస్థితిని బట్టి జాతుల శక్తిసామర్థ్యాలనే తూచారు. విడివిడిగా చెప్పాలనేవారి పక్షాన ఉన్న అత్యంత బలమైన వాదన ఇదేనని నా అభిప్రాయం. కలిపి చెప్పి ఈ బురదలో దిగడం కన్నా, నేలను నేలగా, జనాన్ని జనంగా చెప్పడం క్షేమం కదా అని ఎవరైనా అడిగితే వెంటనే కాదనలేను.

కానీ విడిగా చెప్పినంత మాత్రాన ఆ "కాబట్టి" పోదు. భూగోళం పాఠంలో వర్షచ్ఛాయ నేర్చుకుని, అర్థశాస్త్రం పాఠంలో పేదరికం నేర్చుకున్న పిల్లవాడు ఆ రెంటినీ తనంతట తానే, మాస్టారు చూడని చోట, అదే మాటతో కలుపుకుంటాడు. తరగతిలో కలిపితేనే ఆ ముడి ఎక్కడ తప్పిందో చూపించగలం. నేను దానికి గోదావరి డెల్టాను వాడుకుంటాను. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యేనాటికి గోదావరి జిల్లాలు ఇప్పుడు మనం ఊహించుకునే పచ్చని కోనసీమ కావు. పక్కనే అంత పెద్ద నది పారుతుండగానే 1830ల నాటి కరువుల్లో తెలుగు జిల్లాల జనం తిండి లేక చచ్చిపోయారు, ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆనకట్ట 1852లో పూర్తయింది. అదే ఒండ్రు నేల, అదే నది, అవే రుతుపవనాలు. మారింది నీటిని తిప్పిన పద్ధతి, శిస్తు విధానం, ఆ నీరు ఎవరి పొలానికి అందిందన్నది. అలాగే పాలమూరు. కృష్ణ, తుంగభద్ర జిల్లా అంచులను ఒరుసుకుని పోతుండగా దేశమంతటా డ్యాములు కట్టడానికి కూలీలను పంపిన జిల్లా అది. వాన చాలకపోవడం అక్కడ నిజమే, కానీ నది పల్లంలో, పొలం మెరకలో ఉన్నప్పుడు ఎత్తిపోతకు ఖర్చు ఎవరు పెడతారన్నది అంతకన్నా పెద్ద నిజం.

ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టాక మా తరగతిలో ఒకమ్మాయి అనంతపురం జవాబును ఇలా తిరగరాసింది: "అనంతపురంలో వర్షాలు తక్కువ. బోరు వేయించగలిగినవారు పండించుకుంటారు. బోరు ఎండిపోతే అప్పు మిగులుతుంది." మూడు వాక్యాలు, ఒక్క "కాబట్టి" లేదు. పబ్లిక్ పరీక్షలో దీనికి ఎన్ని మార్కులు వస్తాయో గాని నేను పూర్తి మార్కులు వేశాను.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దీని గురించి సమావేశాల్లో ఎవరూ మాట్లాడరు. మానవ భూగోళాన్ని నిజంగా చెప్పాలంటే తరగతిలో కూర్చున్న పిల్లల ఇళ్ళ గురించి మాట్లాడాలి. వాగు గర్భంలో ఇల్లు ఎందుకు కట్టుకున్నారు అని అడిగితే, మొదటి బెంచీ పిల్లవాడికి అది పాఠం, మూడో బెంచీ పిల్లవాడికి అది తన తండ్రి మీద ఆరోపణ. గోడలు కొలిచిన వారంలో ఒక తండ్రి బడికి వచ్చి, "మా ఇంటి సంగతి పుస్తకంలో ఉందా మాస్టారూ?" అని అడిగారు. కోపంగా అడగలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ స్థలం వాళ్ళకు ఎవరు అమ్మారో, ఎంతకు అమ్మారో, పల్లం అని తెలిసీ ఎందుకు కొనవలసి వచ్చిందో ఆయనే చెప్పారు; అంత పాఠం నా దగ్గర లేదు. అప్పటి నుంచి ఇళ్ళ పేర్లు లేకుండా, పటంలో అంకెలతో మాత్రమే పని చేయిస్తున్నాను. జనసాంద్రత, అక్షరాస్యత శాతాల దగ్గరే మనం మానవ భూగోళాన్ని ఆపేయడానికి సిలబస్ ఒక్కటే కారణం కాదని నా అనుమానం. శాతాలకు ఎవరి మనసూ నొచ్చుకోదు.

పటంలో గుర్తింపుము

పరీక్షలో పటం ప్రశ్న ఉంటుంది గనుక భూగోళం బతికే ఉందని కొందరు మిత్రులు అంటారు. పేర్లు బట్టీ పట్టించడాన్ని నేను వెక్కిరించను. పడమటి కనుమలు ఎక్కడున్నాయో తెలియనివాడికి వర్షచ్ఛాయ అర్థం కాదు. అయితే మేము నేర్పుతున్నది ఎక్కువగా చోటు కాదు, చుక్క. మంచి మార్కులు వచ్చే ఒక విద్యార్థి ఆంధ్రప్రదేశ్ అవుట్‌లైన్ పటంలో కొల్లేరును కళ్ళు మూసుకుని పెడతాడు. రెండు డెల్టాలు మాత్రమే ఉన్న పెద్ద స్కేలు పటం ఇస్తే, తీరరేఖ వంపు కనబడక, చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడ్డాడు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ మిగిలిపోయిన పల్లమే కొల్లేరని తెలిస్తే ఏ స్కేలు పటంలోనైనా దొరుకుతుంది.

పటాలు దొరకవన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. ఒకప్పుడు సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటు (నేల ఎత్తుపల్లాలు చూపే వివరమైన పటం) సంపాదించడం ఉపాధ్యాయుడికి సాధ్యమయ్యే పని కాదు. 2021లో పటాల మీద ఆంక్షలు చాలావరకు సడలించారు. హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్ వెబ్‌సైటులో మన ఊరి చెరువును ఉపగ్రహం కంటితో చూపించవచ్చు. బడిలో ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉంటే అదీ తేలికే. అయినా ప్రాజెక్టు పని అనగానే పిల్లలు తెచ్చేది నెట్ సెంటర్‌లో తీయించిన సౌరకుటుంబం రంగుల ప్రింటు. మేమూ సంతకం పెట్టి బీరువాలో పెడతాం.

సైన్సు మాస్టారికి ఇవ్వవలసింది

మళ్ళీ ఆ ప్రతిపాదనలోని న్యాయమైన భాగానికి వస్తాను. మాలో చాలామంది చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం చదివి వచ్చినవాళ్ళం. ఇంటర్మీడియట్‌లో భూగోళం చెప్పే కాలేజీలు అరుదు, పదో తరగతి తర్వాత మళ్ళీ ఆ పుస్తకం తెరవకుండానే స్కూల్ అసిస్టెంట్ సోషల్ అయిపోవచ్చు. భూభ్రమణం వల్ల గాలి దారి ఎందుకు మళ్ళుతుందో, ఆవిరి నీరుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడి తుపానుకు ఎలా బలమిస్తుందో పిల్లలు అడిగితే సైన్సు మాస్టారు మాకన్నా బాగా చెప్పగలరు, అందులో నామోషీ ఏమీ లేదు. ఆయన్ను ఆ పీరియడ్‌కు పిలుద్దాం. కానీ పీరియడ్ అయ్యాక పిల్లలను ఆయనకే వదిలేయడం వేరు. తుపాను ఎలా పుడుతుందో ఆయన చెప్పాక, 1977 నవంబరులో దివిసీమలో ఉప్పెన అన్ని వేలమందిని ఎందుకు పొట్టన పెట్టుకుందో, 2014లో హుద్‌హుద్ విశాఖ నగరాన్నే నేరుగా తాకినా ప్రాణనష్టం అంతతో పోల్చలేనంత తక్కువగా ఎందుకు ఉందో ఎవరో ఒకరు చెప్పాలి. గాలి బలం కొలిచినంత మాత్రాన ఆ తేడా తెలియదు. ముందస్తు హెచ్చరిక, తుపాను షెల్టరు, ఫోను, లోతట్టు నుంచి జనాన్ని తరలించే బస్సు, తీరంలో నేల ఎత్తు అన్నీ ఒకే పాఠంలోకి రావాలి.

ఈ సంవత్సరం మా ఫిజికల్ సైన్సు మాస్టారితో ఒక ఒప్పందం కుదుర్చుకున్నాను. తొమ్మిదిలో శీతోష్ణస్థితి పాఠానికి ఆయన నా తరగతిలో కూర్చుని మొదటి సగం చెబుతారు, రెండో సగం నేను. పదో తరగతి నీటి వనరుల పాఠాన్ని తొమ్మిదో తరగతి నదుల పాఠంతో పాటు ఒకే నెలలో పెట్టుకుంటే, రెండు తరగతుల పిల్లలూ ఒకే వీధి పటం మీద పని చేయవచ్చని హెడ్‌మాస్టారిని అడిగాను. సిలబస్ క్యాలెండర్ ఒప్పుకోదేమో అన్నారు గాని కాదనలేదు. అంతర్గత పరీక్షకు నేను ఇవ్వదలచుకున్న ప్రశ్న మాత్రం సిద్ధంగా ఉంది: ఒక వీధి పటం, ఇళ్ళ దగ్గర నీటి గీతల ఎత్తులు, కొన్ని ఇళ్ళకు మెరక చేసిన గుర్తులు ఇచ్చి, ఈసారి వరద వస్తే ముందు ఎవరిని తరలించాలి, ఎందుకు అని అడగడం. దీనికి కీ పేపరు ఎలా రాయాలన్న దగ్గర మా ఇద్దరికీ ఇంకా తేలలేదు. అతి పల్లపు ఇల్లు అని రాసిన జవాబుకు పూర్తి మార్కులు వేయాలని ఆయన అంటారు. కింది వాటాలో అద్దెకున్న ముసలామె పేరు రాసిన జవాబుకు ఒక మార్కు ఎక్కువ ఇవ్వాలని నేనంటాను.